రెండు సీట్లు చేతిలో ఉన్నప్పుడు: ఎంబీబీఎస్ కాలేజీ ఎంచుకోవడం ఎలా?

నేను ఒంగోలులో పిల్లల డాక్టరుని. ఏటా నీట్ ర్యాంకులు వచ్చాక నా దగ్గరికి జ్వరాల పిల్లలతో పాటు ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు కూడా వస్తారు. పొదిలి, కనిగిరి, కావలి, కందుకూరు నుంచి అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వస్తారు. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే. "మేడమ్, కన్వీనర్ కోటాలో దూరంగా సీటొచ్చేట్టుంది. దగ్గర్లో మేనేజ్‌మెంట్ సీటు ఉంది, అక్కడైతే మా అమ్మాయికి బాగుంటుందంటున్నారు. ఏం చేయమంటారు?"

కన్వీనర్ సీటంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకి వచ్చేది, మేనేజ్‌మెంట్ సీటంటే ఎక్కువ ఫీజు కట్టి చేరేది. ఏం చేయాలో వాళ్ళ తరఫున నేను తేల్చను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను. "బాగుంటుంది" అన్న మాటను విడదీసి కాగితం మీద రాయించి, ఒక్కోదానికి నెలకు ఎంత చెల్లించబోతున్నారో లెక్క కట్టిస్తాను. ఆ కాగితం తయారుచేసే పద్ధతే ఇది.

ముందు మీరు ఎక్కడి లోకలో తేల్చుకోండి

ఈ సంగతి చూసుకోకుండానే చాలామంది కాలేజీల గురించి వాదించుకుంటారు. మన రెండు జిల్లాలూ పక్కపక్కనే ఉన్నా సీట్ల లెక్కలో వేర్వేరు గూళ్ళలో ఉన్నాయి. నెల్లూరు జిల్లా శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలోకి, ప్రకాశం ఆంధ్ర యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి ఇదే విభజన. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కందుకూరు నెల్లూరులో భాగం. అందుకే చుట్టరికాలు ఇప్పటికీ అటూ ఇటూ కలిసే ఉంటాయి, సీట్లు మాత్రం కలవవు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి, మిగిలిన 15 శాతానికి అందరూ పోటీ.

కాబట్టి ప్రకాశంలో చదివిన పిల్లకి ఒంగోలు (ఇప్పటికీ మనం రిమ్స్ అనే పిలుస్తాం), గుంటూరు, కాకినాడ, విశాఖ వైపు లోకల్. నెల్లూరులో చదివిన పిల్లకి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, తిరుపతి, కడప, కర్నూలు, అనంతపురం వైపు లోకల్. పుట్టిన ఊరునో ఆధార్ చిరునామానో బట్టి కాకుండా చదివిన చోటును బట్టి చూస్తారు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. అలా లేకపోతే ఏడేళ్ళ లెక్క తీస్తారు. నెల్లూరు పిల్లాణ్ణి తొమ్మిది నుంచే విజయవాడ హాస్టల్లో వేసిన తల్లిదండ్రులు వాడు ఆంధ్ర యూనివర్సిటీ లోకల్ అయ్యాడని కౌన్సెలింగ్ రోజుల్లో తెలుసుకుని నివ్వెరపోతారు. హైదరాబాదులో ఇంటర్ చదివించినవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి వరసగా పెట్టుకోండి.

కాలేజీ పేరు పక్కన సీటు రకం రాయండి

ఒకే ప్రైవేటు కాలేజీలో, ఒకే బెంచీ మీద ముగ్గురు పిల్లలు మూడు ఫీజులు కట్టి కూర్చుంటారు. 'ఏ' కేటగిరీ అంటే కన్వీనర్ సీటు, 'బి' అంటే మేనేజ్‌మెంట్, 'సి' అంటే ఎన్నారై. 2020లో ప్రభుత్వం నిర్ణయించిన ప్రకారం ఏడాదికి 'ఏ' సీటు 15 వేలు, 'బి' సీటు 12 లక్షలు, 'సి' సీటు 36 లక్షలు. తర్వాత పెరిగాయి. మీరు చేరే ఏడాది జీవో చూసి అసలు అంకె వేసుకోండి. నేను కింద లెక్కకి 12 లక్షలే తీసుకుంటాను, మీది అంతకంటే ఎక్కువే అవుతుంది.

"ప్రభుత్వ కాలేజీ" అన్న పేరు చూసి ఫీజు తక్కువేనని తేలిగ్గా తీసుకోకండి. 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో మొదలైన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ కింద 12 లక్షలకి, ఎన్నారై కోటాలో 20 లక్షలకి పెట్టారు. మద్రాసు వైపు డీమ్డ్ యూనివర్సిటీల్లో (యూనివర్సిటీ హోదా ఉన్న సంస్థల్లో) ఏటా 20 లక్షలు దాటేవి ఉన్నాయి. ఆలిండియా కౌన్సెలింగ్‌లో మంగళగిరి ఎయిమ్స్ లాంటిది వస్తే ఫీజు లెక్కే ఉండదు.

సీటు రకం రాశాక చాలామంది సమస్య సగం తీరిపోతుంది. పోల్చుకుంటున్న రెండూ కన్వీనర్ సీట్లే అయితే, ఒకటి దూరపు ప్రభుత్వ కాలేజీ, ఇంకొకటి దగ్గరి ప్రైవేటు కాలేజీ అయినా, అప్పు తేడా పెద్దగా ఉండదు. స్పెషల్ ఫీజులు, హాస్టల్, మెస్, బస్సు అన్నీ ఐదేళ్ళకి కలిపి చూసుకోండి. తేడా నాలుగైదు లక్షల లోపుంటే అప్పు గురించి మరిచిపోయి, ఏది మీకు సరిపోతుందో అదే తీసుకోండి. ఇక్కడ మనసు మాట వినడంలో తప్పేం లేదు. తేడా యాభై, అరవై లక్షలు ఉన్నవాళ్ళు మాత్రం తర్వాతి లెక్క శ్రద్ధగా చేయాలి.

అప్పును నెలవారీ అంకెగా మార్చండి

అరవై లక్షలంటే ఎంతో పద్దెనిమిదేళ్ళ పిల్లలకి తెలియదు. నిజానికి పెద్దవాళ్ళకీ అంత పెద్ద అంకె కంటికి ఆనదు. నెలకెంత అంటే అందరికీ అర్థమవుతుంది.

ఏడాదికి 12 లక్షల చొప్పున ఐదేళ్ళు బ్యాంకు కట్టిందనుకోండి. వడ్డీ పది శాతం. చదువుకి ఐదున్నరేళ్ళు (నాలుగున్నర చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో పని నేర్చుకునే హౌస్ సర్జన్సీ), ఆపైన ఇంకో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. ఆ కాలంలో మామూలు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న 12 లక్షల మీద ఆరున్నరేళ్ళ వడ్డీ 7.8 లక్షలు. రెండో ఏడాది డబ్బు మీద 6.6 లక్షలు. తర్వాతివాటి మీద 5.4, 4.2, 3 లక్షలు. అన్నీ కలిపితే 27 లక్షలు. వాయిదాలు మొదలయ్యే రోజున బాకీ 87 లక్షలు. దాన్ని పదిహేనేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 93,500 రూపాయలు. చివరికి బ్యాంకుకి చేరేది కోటీ 68 లక్షలు.

ఇప్పుడు వయసు పక్కన పెట్టి చూడండి. పద్దెనిమిదికి చేరిన అమ్మాయికి ఇరవై నాలుగున్నరకి మొదటి వాయిదా వస్తుంది. నలభై దగ్గరపడేదాకా కడుతూ ఉంటుంది. పీజీ చదివే మూడేళ్ళూ ఆ మధ్యలోనే పడతాయి. పెళ్ళి, పిల్లలు కూడా. మీ ఊళ్ళో నర్సింగ్ హోముకి వెళ్ళి ఉత్త ఎంబీబీఎస్‌తో డ్యూటీ డాక్టరుగా చేరితే నెలకి ఎంతిస్తారో అడిగి, ఆ అంకెను 93,500 పక్కన రాయండి. ఆ రెండు అంకెలే చాలా విషయాలు చెబుతాయి.

బ్యాంకు ఇవ్వనిది బయట తెస్తే సంగతి ఇంకా వేరు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అరవై లక్షల మీద వడ్డీయే నెలకి లక్షా ఇరవై వేలు, అసలు కదలదు. ప్రామిసరీ నోట్ల మీద ఎంబీబీఎస్ చదివించొద్దని నేను గట్టిగానే చెబుతాను.

మా పిన్ని కొడుకు మేనేజ్‌మెంట్ సీటులో చదివాడు. కాలేజీ బాగుండేది, పాఠాలు బాగా చెప్పారు, వాడు మంచి డాక్టరయ్యాడు. హౌస్ సర్జన్సీ అయ్యాక జనరల్ మెడిసిన్ పీజీ చేయాలని వాడి ఆశ. వాయిదాలు మొదలయ్యాయి. పగలు ఒక ఆసుపత్రిలో, రాత్రి ఇంకో ఆసుపత్రిలో డ్యూటీ. పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొచ్చేది. పీజీ పరీక్ష మూడుసార్లు రాశాడు. తోటివాళ్ళు ఏడాది ఇంట్లో కూర్చుని చదువుకుంటుంటే, వీడికి ఆ ఏడాది కొనుక్కునే స్తోమత లేకపోయింది. అందుకే చెబుతున్నాను: కాలేజీ ఎంపికలో అప్పు పెరిగితే పీజీలో ఎంపిక తగ్గుతుంది. ఏ బ్రాంచి చదవాలి, ఏ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) చేరాలా వద్దా అన్నది అప్పే నిర్ణయించడం మొదలుపెడుతుంది.

"నాకు నచ్చింది" అన్నదాన్ని విడదీయండి

కాగితం మధ్యలో గీత గీసి, ఆ కాలేజీ ఎందుకు నచ్చిందో పిల్లల చేతే రాయించండి. ఎడమ పక్క: మూడు నెలల్లోనో ఆరు నెలల్లోనో అలవాటయ్యేవి, సర్దుకోగలిగేవి. కుడి పక్క: ఐదేళ్ళయినా మారనివి.

నా సంగతి చెబుతాను. మా నాయన పొదిలి దగ్గర పొగాకు రైతు. నాకు కాకినాడ రంగరాయలో సీటొచ్చింది. ఇంటికి అంతకంటే దగ్గర్లో ఇంకో కాలేజీలో డబ్బు కట్టే సీటు ఉంది. నేను ఆ దగ్గరి సీటే కావాలని అన్నం మానేసి కూర్చున్నాను. అప్పుడు నన్నెవరైనా కాగితం రాయమని ఉంటే ఇవి రాసేదాన్ని: ఊరు దూరం, మెస్ కూర తియ్యగా ఉంటుందట, తెలిసినవాళ్ళెవరూ లేరు, తెలుగు మీడియం నుంచి వచ్చాను, అక్కడ వెక్కిరిస్తారేమో. నాయన ఒప్పుకోలేదు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి కాకినాడలో దించాడు. మూడు నెలలు ఎస్టీడీ బూత్‌లో ఏడ్చాను. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చాక, హాస్టల్ స్నేహితురాళ్ళ కోసం రెండు రోజులు ముందే తిరిగి వెళ్ళాను. నేను భయపడ్డవన్నీ ఎడమ పక్కవే.

అందరివీ ఎడమ పక్కవే కావు. నా దగ్గర చిన్నప్పటి నుంచి చూపించుకున్న ఒక అమ్మాయికి టైప్ 1 డయాబెటిస్. రోజుకి నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు, వేళకి తిండి, రాత్రిళ్ళు షుగర్ పడిపోతే పక్కన మనిషి ఉండాలి. ఆ పిల్ల దూరపు ప్రభుత్వ సీటు వదిలి ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు కన్వీనర్ సీటు తీసుకుంటానంటే, కొంచెం ఖర్చెక్కువైనా అదే చేయమన్నాను. తీవ్రమైన డిప్రెషన్‌కి మందులు వాడుతున్న పిల్లలు, ఇంట్లో మంచాన పడ్డ తల్లిని చూసుకోవలసినవాళ్ళు కూడా ఇలాంటివాళ్ళే. కుడి పక్క రాయదగ్గవి ఇవి. వీటికి డబ్బు పెట్టడం దుబారా అనిపించుకోదు.

ఎడమ పక్కవాటికి ఒక్కొక్క ప్రశ్న వేయండి. "ఏసీ గది కోసం, నెలకి ఇన్ని వేల చొప్పున, పదిహేనేళ్ళు కడతావా?" పిల్లలు తెలివైనవాళ్ళు. అంకె ముందుంచి అడిగితే వాళ్ళే నిజాయితీగా కొట్టేస్తారు.

ఇంకో సంగతి. యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నిటికీ పరీక్ష ఒకటే, పట్టా మీద పేరూ ఒకటే: డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. పీజీకి నీట్ పీజీ పరీక్ష ర్యాంకే చూస్తారు. కాలేజీ పేరు చూసి ఎవరూ మార్కులు కలపరు.

ఒక పనిదినం పొద్దున వెళ్ళి చూడండి

ఆదివారం కారులో వెళ్ళి గేటు, బిల్డింగు, ఆడిటోరియం చూసి రావడం దండగ. మంగళవారమో బుధవారమో పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రి ఓపీ దగ్గర నిలబడండి. వైద్యం రోగుల దగ్గరే నేర్చుకుంటాం. ఓపీ చీటీల దగ్గర క్యూ ఉందా? జనరల్ మెడిసిన్ వార్డులో మంచాల మీద మనుషులున్నారా, ఉత్త దుప్పట్లున్నాయా? లేబర్ రూమ్ ఎంత హడావిడిగా ఉంది? థర్డ్ ఇయర్ పిల్లలు రోగి పక్కన నిలబడి కేసు చెబుతున్నారా, కారిడార్లో ఫోన్లు చూస్తున్నారా? నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రిలోనూ ఒంగోలు రిమ్స్‌లోనూ పొద్దుట కనపడే ఆ జనమే మెడికల్ స్టూడెంట్‌కి అసలు పాఠ్యపుస్తకం. మీరు చూస్తున్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా అంత జనం ఉంటే మంచిదే, ఆ మాట కాగితం మీద రాసుకోండి.

తర్వాత హౌస్ సర్జన్లని పట్టుకోండి. టీ తాగే చోట దొరుకుతారు. ప్రిన్సిపాల్‌ని అడిగితే అన్నీ బాగున్నాయనే అంటారు, వీళ్ళు నిజం చెబుతారు. "మీరు సొంతంగా ఎన్ని కాన్పులు చేశారు? కుట్లు వేయనిచ్చారా? క్యాజువాలిటీలో రాత్రి ఎవరుంటారు? స్టైపెండ్ ఎంత, నిజంగా చేతికిస్తున్నారా?" ఈ నాలుగూ అడిగితే చాలు. పీజీ విద్యార్థులు ఎక్కువున్న చోట హౌస్ సర్జన్లకి చేతి పని తక్కువ దొరకొచ్చు, కానీ చెప్పేవాళ్ళుంటారు. పీజీలు లేని కొత్త కాలేజీలో పని దండిగా దొరుకుతుంది, అడిగి నేర్చుకునే చొరవ మీకుండాలి. ఏది నప్పుతుందన్నది మీ స్వభావాన్ని బట్టి. నిజమైన "నప్పడం" అంటే నా దృష్టిలో ఇదే.

ఆడపిల్లలయితే హాస్టల్ నుంచి వార్డుకి నడిచే దారి చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడండి. బాత్‌రూముల్లో నీళ్ళొస్తున్నాయో లేదో చూడండి. ర్యాగింగ్ గురించి సీనియర్లని కాకుండా ఫస్ట్ ఇయర్ వాళ్ళని అడగండి.

అప్పు తప్పదనుకుంటే

ఎడ్యుకేషన్ లోన్ నాలుగు లక్షల దాకా పూచీ లేకుండా, ఏడున్నర లక్షల దాకా మామూలుగా తాకట్టు లేకుండా ఇస్తారు. అది దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. మన వైపు రైతులు ఇక్కడే చిక్కుకుంటారు. పదెకరాల మాగాణి ఉన్నా చాలా బ్యాంకులు ఇల్లో, ఇంటి స్థలమో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో కావాలంటాయి. బాకీ వసూలుకి బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించకపోవడం అందుకు ఒక కారణం. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయో లేదో చూపే పత్రం), లీగల్ ఒపీనియన్ తయారవ్వడానికే వారాలు పడుతుంది. కాబట్టి సీటొచ్చాక కాకుండా ర్యాంకు రాగానే బ్యాంకుకి వెళ్ళండి.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో మీ కాలేజీ ఉందేమో చూడండి. ఉంటే పూచీ, తాకట్టు లేకుండా లోను అడగొచ్చు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల దాకా లోను మీద మూడు శాతం వడ్డీ రాయితీకి అర్హత ఉండొచ్చు. ఆడపిల్లలకి చాలా ప్రభుత్వ బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి. చదివే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేస్తే కొన్ని బ్యాంకులు ఇంకొంచెం తగ్గిస్తాయి, పైగా ఆ 27 లక్షలు పేరుకోవు. పొగాకు వేలం డబ్బో, రొయ్యల పట్టుబడి డబ్బో వచ్చినప్పుడు ముందు ఈ వడ్డీకి కట్టండి.

అప్పు బదులు ఎకరాలు అమ్మేద్దామనే ఇళ్ళు కూడా ఉన్నాయి. అమ్మితే వాయిదాలుండవు, నిజమే. అయితే ఆ పొలం మీద అమ్మానాన్నల ముసలితనం, చెల్లెలి చదువు ఆధారపడి ఉన్నాయేమో చూడండి. అమ్మిన భూమిని కూడా అప్పుగానే కాగితం మీద వేయండి, ఎవరికి బాకీయో పేరు రాసి. మా నాయన ఆ రోజు పొలం అమ్మలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు దాని మీదే బతికాడు.

సీటు రాకపోతే విదేశాలకి పంపుదామని కూడా అడుగుతారు. ఖర్చు మేనేజ్‌మెంట్ సీటు కంటే తక్కువే కావచ్చు, కానీ తిరిగొచ్చాక విదేశాల్లో వైద్యం చదివినవాళ్ళకి పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసవ్వాలి. రాసినవాళ్ళలో మూడోవంతు మంది కూడా పాసవ్వని సెషన్లే ఎక్కువ. ఆ చదువు కనీసం 54 నెలలు, ఇంగ్లీషులో ఉండాలి, అక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్ళీ ఇక్కడ ఇంకో ఏడాది. ఏజెంటు మాట మీద కాకుండా జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2021 నిబంధనలు చదివి నిర్ణయించుకోండి.

ఆప్షన్లు పెట్టే ముందు రాత్రి

ఇంట్లో అందరూ కూర్చోండి. అప్పు తీర్చబోయేది పిల్ల కాబట్టి ముందు పిల్ల మాట్లాడాలి. బాబాయిలు, మేనమామలు తర్వాత. "ఫలానావాళ్ళ అబ్బాయి అక్కడే చదివాడు" అన్నది లెక్కలోకి తీసుకోకండి, వాళ్ళ ఆస్తి వేరు, వాళ్ళ అబ్బాయి వేరు. నాన్న మొహం చూసి "సరే నాన్నా" అనేసే పిల్లలుంటారు, వాళ్ళతో అమ్మ విడిగా మాట్లాడాలి.

తర్వాత వెబ్ ఆప్షన్లు నిజంగా మీరు కోరుకునే వరసలో పెట్టండి. పై ఆప్షన్‌లో సీటొస్తే కింద వచ్చిన సీటు పోతుంది, మళ్ళీ దొరకదు. అందుకని చేరే ఉద్దేశం లేని కాలేజీని, కట్టలేని సీటుని "ఊరికే పెట్టి చూద్దాం" అని పెట్టకండి. సీటు వదిలేస్తే ఎంత జరిమానా, ఏ రౌండు తర్వాత అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్లో చదవండి. నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డ్ చెప్పి ఇంటికి రాకుండా, పక్కన కూర్చుని సేవ్ చేయించి, ప్రింటు తీసుకుని, మీ కాగితం మీది వరసతో ఒక్కో లైనూ వేలు పెట్టి సరిచూసుకోండి.